నీటిగీతకు పైన, క్రింద

రేడియోలో ఒక బొమ్మను గూర్చి ముచ్చటించుట కొంత సాహసమే. బొమ్మను మేము చూపలేము, శ్రోతలు చూడలేరు. మాకు మాటయే సాధనము. అయినను నేటి ప్రసంగమునకు ఒక జాతి ఛాయాచిత్రమును విషయముగా గైకొంటిమి. ఆ చిత్రములో పై సగము నీటికి పైభాగము, క్రింది సగము నీటి లోభాగము. నడుమ నీటిమట్టము సన్నని గీతవలె అడ్డముగా సాగిపోవును. పైన ఆకాశము, కొండ, గట్టుమీద నిలిచిన మనిషి. క్రింద రాతిమెట్లు, నాచు, చేపలు. రెండు చిత్రములను తీసి అతికించినది కాదు. ఒకే కెమెరా, ఒకే అద్దము, ఒకే క్షణము.

చెప్పుటకు ఇది సులభముగనే యున్నది. కెమెరాను సగము ముంచి మీట నొక్కిన చాలునుగదా యని తోచును. కాని మానవుడు ఈ చిత్రమును సవ్యముగా తీయగలుగుటకు కెమెరా పుట్టిన తరువాత కూడ ఎన్నో దశాబ్దములు పట్టెను. ఆ కథలో మన ప్రాంతమునకు సంబంధించిన పాఠమొకటి ఉన్నది. అందుచేత దూరదేశములకు పోకముందు మన బేతంచెర్ల గనులయొద్దనే ప్రారంభింతము.

ద్రోణాచలమునుండి నంద్యాలకు పోవు రైలుదారిలో బేతంచెర్ల యున్నది. ఆ పేరు వినగనే ఇల్లు కట్టించినవారికి స్ఫురించునది బండ. ఆ సీమలోని సున్నపురాయి పొరలు పొరలుగా, పుస్తకములోని పుటలవలె పేర్చినట్లుండును. కోట్లకొలది సంవత్సరముల క్రిందట సముద్రపు అడుగున సన్నని బురద పేరుకొని, గట్టిపడి, ఈ రాయిగా మారినది. పొరవెంట ఉలి పెట్టి లేపినచో చదునైన పలకగా ఊడివచ్చును. గనిలోనికి తొంగిచూచినచో గోడ నిండ సమానాంతరముగా సాగిన అడ్డగీతలు కనిపించును. ప్రకృతి తానే గీచిపెట్టిన కొలబద్ద యిది.

వానకాలము గడచిన తరువాత విడిచిపెట్టిన గనిగుంటలలో నీరు నిలుచును. గట్టున నిలిచి ఎదుటిగోడను పరికించినచో ఒక వింత గోచరించును. నీటికి పైనున్న పొరలు తమ సహజమైన మందముతో కనిపించును. నీటిలోని పొరలు మాత్రము అణగి, దగ్గర దగ్గరగా చేరినట్లుండును. గుంట లోతు ఉన్నదానికంటె తక్కువగా తోచును. పండ్రెండడుగుల లోతును నిట్టనిలువుగా చూచినచో తొమ్మిదడుగులే యని కన్ను చెప్పును. ఏటవాలుగా చూచినచో ఇంకను తక్కువ చెప్పును. ఈ భ్రమ కేవలము వినోదము కాదు. లోతు తక్కువయని నమ్మి ఇట్టి గుంటలలో దిగి ప్రాణములు పోగొట్టుకొను పిల్లలున్నారు. కనుక గట్టుననే నిలిచి చూడవలెనని, పిల్లలను దిగనీయరాదని, పెద్దలకు మా మనవి.

ఈ భ్రమ క్రొత్తది కాదు. మయసభలో నీటిని నేల యనుకొని మడుగులో పడిన దుర్యోధనుని కథ మనకు చిన్ననాటినుండి పరిచితమే. గిన్నె అడుగున ఒక నాణెము నుంచి, అది అంచుచాటున కనుమరుగగు వరకు వెనుకకు జరిగి, పిమ్మట గిన్నెలో నీరు పోయించినచో నాణెము తిరిగి కంటబడును. ఈ నాణెపు పరీక్షను క్రీస్తుశకము రెండవ శతాబ్దిలోనే అలెగ్జాండ్రియావాసి టాలెమీ వర్ణించెను; వెలుగు గాలినుండి నీటిలోనికి పోవునపుడు ఎంత వంగునో పట్టికలు వ్రాసిపెట్టెను. 984 ప్రాంతమున బాగ్దాదులో ఇబ్న్ సహ్ల్, ఆ తరువాత 1621లో హాలెండు దేశీయుడు స్నెల్ ఆ వంపునకు గణితసూత్రమును కనుగొనిరి. కారణము ఇంతమాత్రమే: గాలిలో సాగు వేగముతో వెలుగు నీటిలో సాగలేదు; నీటిలో దాని వేగము గాలిలోని వేగమున సుమారు మూడువంతుల పాతిక. వేగము మారునపుడు, ఏటవాలుగా వచ్చిన కిరణము దారి కూడ మారును.

ఇప్పుడు గట్టుననుండి చూచుట మాని, నీటిమట్టమునకు సరిగా కన్ను ఉంచి, చదునైన గాజుపలక గుండ ఆ గోడనే చూచుచున్నామని ఊహింతము. ఈసారి సరిగా విరుద్ధమైన వింత జరుగును. నీటిలోని పొరలు అణగియుండవు. పైపొరలకంటె మూడవవంతు ఎక్కువ మందముగా ఉబ్బి కనిపించును. పండ్రెండడుగుల దూరమందలి గోడ నీటిభాగమున తొమ్మిదడుగుల దూరముననే ఉన్నట్లు తోచును. పై గీతలకు క్రింది గీతలకు పొంతన కుదరదు. నడుములోతు నీటిలో నిలిచిన మనిషిని ఇట్లు చూచినచో, సన్నని మొండెము క్రింద ఎవరో లావాటివాని కాళ్లు అమర్చినట్లుండును. ఒకే గోడ, ఒకే రాయి. చూచు చోటు మారినంతమాత్రమున ఒకమారు చిన్నది, ఒకమారు పెద్దది. నీటిగీతకు పైన ఒక న్యాయము, క్రింద ఒక న్యాయము. ఈ రెండు న్యాయములను ఒకే చట్రములో ఇముడ్చుటయే ఛాయాగ్రాహకుని ముందున్న చిక్కు.

నీటి అడుగున చిత్రము తీయవలెనను కోరిక ఛాయాగ్రహణ విద్య శైశవదశలోనే పుట్టినది. 1856లో ఇంగ్లండు దక్షిణతీరమందలి వేమత్ అఖాతమున విలియం థాంప్సన్ అనునతడు కెమెరాను ఒక పెట్టెలో బిగించి, పడవనుండి సుమారు పదునెనిమిది అడుగుల లోతునకు దించెను. ఆయన వృత్తిచేత న్యాయవాది. అభిరుచిచేత ప్రకృతి పరిశీలకుడు. పైనుండి త్రాడు లాగి మూత తెరచి, దాదాపు పది నిమిషములు వెలుగును ఆ పలకపై పడనిచ్చెను. పెట్టెలోనికి నీరు చొరబడెను. అయినను రాళ్లు, సముద్రపు నాచు లీలగా పలకపై దిగినవి. నీటి అడుగున తీసిన తొలి ఛాయాచిత్రముగా దానిని చరిత్రకారులు పేర్కొందురు.

థాంప్సన్ తాను పడవలోనే యుండి కెమెరాను మాత్రము ముంచెను. తానే మునిగి చిత్రములు తీసినవాడు ఫ్రెంచి జీవశాస్త్రజ్ఞుడు లూయీ బూతాన్. 1893లో మధ్యధరా తీరమందలి బాన్యుల్స్ గ్రామమున, అరాగో ప్రయోగశాలలో ఆయన ఈ పనికి పూనుకొనెను. కెమెరాకు నీరు చొరని పెట్టెను ఆయన సోదరుడు ఓగుస్త్ రూపొందించెను. గజ ఈతగాని బరువైన దుస్తులు ధరించి, సముద్రపు అడుగున నిలిచి, ఒక్కొక్క చిత్రమునకు అరగంట వరకు నిరీక్షింపవలసిన కాలమది. వెలుగు చాలక, మెగ్నీషియమును మండించు దీపములను కూడ నీటిలోనికి కొనిపోయెను. 1900లో ఈ విద్యపై గ్రంథమును ప్రకటించెను.

వీరిరువురును నీటి అడుగును మాత్రమే చూపిరి. పైలోకమును, క్రిందిలోకమును కలుపు నీటిగీతను గూర్చి వేరొకవైపునుండి ఆలోచించినవాడు అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ విలియమ్స్ వుడ్. చేపకు మన లోకమెట్లు కనిపించును? ఇది ఆయన వేసుకొనిన ప్రశ్న. 1906లో ఆయన చేసిన పరీక్షకు పరికరము ఒక నీటిబొక్కెన. దాని అడుగున ఛాయాచిత్రపు పలక నుంచి, పైన సన్నని రంధ్రము అమర్చి, నీరు నింపి, పైలోకమును చిత్రించెను. నీటిలోనుండి పైకి చూచు చేపకు ఈ దిగంతమునుండి ఆ దిగంతము వరకు గల సమస్తము తలపైనున్న ఒక గుండ్రని కిటికీలో ఇమిడి కనిపించును. ఆ కిటికీ విస్తారము కోణములలో సుమారు తొంబదియేడు డిగ్రీలు. ఆ కిటికీ అంచునకు ఆవల నీటిమట్టము అద్దమైపోవును. అందులో అడుగునేల తలక్రిందుగా ప్రతిఫలించును. నేడు 'మత్స్యనేత్ర కటకము' అని వ్యవహరించు వెడల్పుచూపు అద్దమునకు ఆ పేరు వచ్చినది వుడ్ ప్రయోగమునుండియే.

తరువాతి అడుగు రంగులది. 1926లో ఫ్లారిడా సమీపమందలి డ్రై టోర్టుగాస్ ద్వీపములయొద్ద శాస్త్రజ్ఞుడు లాంగ్లీ, నేషనల్ జాగ్రఫిక్ పత్రిక ఛాయాగ్రాహకుడు చార్లెస్ మార్టిన్ కలిసి నీటి అడుగున తొలి వర్ణచిత్రములను తీసిరి. తెప్పపై మెగ్నీషియం పొడిని పేల్చి, ఆ మెరుపు వెలుగులో చేపలను చిత్రించిరి. ఆ చిత్రములు 1927 జనవరి సంచికలో వెలువడినవి. అంత వెలుగు ఏల యన్న ప్రశ్నకు సమాధానము నీటి స్వభావములోనే యున్నది. నీరు మొదట ఎరుపును మ్రింగివేయును. కొన్ని నిలువుల లోతునకు పోగనే ఎర్రని వస్తువు నల్లబడినట్లు తోచును. మిగులునవి నీలము, ఆకుపచ్చ. పైన పట్టపగలు, క్రింద మునిమాపు. సగము సగము చిత్రమునకు ఇది రెండవ చిక్కు.

ఇంతలో సామాన్యునికి అందుబాటులోనికి రాగల కెమెరా వచ్చినది. ఫ్రెంచి సముద్రాన్వేషకుడు కూస్తో కొరకు బెల్జియం దేశీయుడు జాన్ ద వూటెర్స్ పెట్టె అక్కరలేని, తానే నీటికి తట్టుకొను చిన్న కెమెరాను నిర్మించెను. కూస్తో ఓడ పేరే దానికి 'కాలిప్సో' అని పెట్టిరి. జపానుకు చెందిన నికాన్ కంపెనీ ఆ హక్కును పొంది 1963లో 'నికోనాస్' అను పేర దానిని విపణికి తెచ్చెను. ఆ వంశపు కెమెరాలు దాదాపు నలుబది సంవత్సరములు లోకమున తయారైనవి.

కాని పైన చెప్పిన పొరల పొంతనకు పరిష్కారము కెమెరాలో లేదు. దాని ముందుండు గాజులో ఉన్నది. చదునైన గాజునకు బదులు బోర్లించిన గిన్నెవలె ఉబ్బెత్తుగానుండు గాజును అమర్చిరి. కెమెరా కన్ను ఆ గోళమునకు కేంద్రస్థానమున ఉన్నచో, వచ్చు కిరణములన్నియు గాజును నిట్టనిలువుగనే తాకును. నిట్టనిలువుగా తాకిన కిరణము వంగదు. వంపు లేనిచో ఉబ్బు లేదు. నీటిగీతకు పైనున్న పొర, క్రిందనున్న పొర ఒకే మందముతో చిత్రములో దిగును.

ఇంతతో కథ ముగియలేదు. ఉబ్బెత్తుగాజు ఒక చేత వరమిచ్చి మరొక చేత పన్ను వసూలు చేయును. నీటిలో ఎంత దూరముననున్న వస్తువైనను, ఆ గాజునకు అతిసమీపముననే ఉన్నట్లు కెమెరాకు భ్రాంతి కలుగును. గోళపు వ్యాసార్ధము నాలుగంగుళములైనచో, నీటిలోని అతిదూరపు వస్తువు సైతము గాజునకు పండ్రెండంగుళముల దూరమున ఉన్నట్లే. పైననున్న కొండ మాత్రము తన దూరముననే ఉండును. కొండను స్పష్టముగా పట్టినచో చేప మసకబారును. చేపను పట్టినచో కొండ చెదరును. అందుచేత ఛాయాగ్రాహకుడు వెడల్పుచూపు కటకమును ఎన్నుకొని, వెలుగు వచ్చు రంధ్రమును సన్నగా బిగించి, దూరమును చేరువను ఒకేసారి స్పష్టతలోనికి తెచ్చుకొనును. గాజుగోళము పెద్దదైనకొలది భ్రాంతిదూరము పెరుగును; గాజుమీద నీటి అంచు గీచు చార కూడ చిత్రములో సన్నబడును. నడినెత్తిన సూర్యుడుండు వేళను ఎన్నుకొనును. క్రింది సగము చీకటియైనచో దానికి మాత్రము మెరుపుదీపపు వెలుగు నిచ్చును. పైసగముపై నీటిబొట్లు నిలువకుండ గాజును ముంచి తడిపి వెంటనే తీయును. ఇట్టి చిత్రములకు 1970ల తరువాత విశేషఖ్యాతి తెచ్చినవారిలో నేషనల్ జాగ్రఫిక్ ఛాయాగ్రాహకుడు డేవిడ్ డూబిలే పేరు ముందుగా చెప్పవలెను.

నేడు జేబులోని ఫోనులకు సైతము గాజుగోళములు దొరకుచున్నవి. అవి లేనివారు చేపలను పెంచు చిన్న గాజుతొట్టిని నీటిలో సగము ముంచి, దానిలోపల కెమెరా నుంచి ప్రయత్నింపవచ్చును. ఆ తొట్టి గాజు చదునైనది గనుక క్రింది సగము ఉబ్బియే కనిపించును. ఆ ఉబ్బును చూచి, దానికి కారణమును పిల్లలకు వివరింపగలిగినచో అదియు ఒక లాభమే.

అయితే ఎంత మంచి గాజున్నను, ఎంత మంచి కెమెరాయున్నను ఒక్కటి లేనిచో ఈ చిత్రము రాదు. అది తేట నీరు. ఈ విషయమున మన సీమ అదృష్టము చేసికొన్నది. బేతంచెర్లలో రైలెక్కి నంద్యాల చేరి, అచ్చటినుండి నల్లమల పాదమునకు పోయినచో మహానంది క్షేత్రము. కొండరాళ్ల పగుళ్లలోనికి ఇంకిన వాననీరు వడగట్టబడి ఊటగా పైకి వచ్చి కోనేటిని నింపును. నిరంతరము వచ్చుచుండును, నిరంతరము వెలికి పోయి పొలములను తడుపుచుండును. సుమారు అయిదడుగుల లోతులో అడుగున పడిన సూది కూడ కానవచ్చునని మన పెద్దలు చెప్పుదురు. ఆ కోనేటిలో కంఠము వరకు మునిగి నిలిచిన యాత్రికునికి, పైన గోపురము, క్రింద తన పాదములు, పాదముల చెంత రాతిపలకల అతుకులు, అన్నియు ఒక్క చూపులో అందును. కెమెరా పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే మన యాత్రికులకు సగము సగము దృశ్యము పరిచితమైనది.

మరి తేట నీరు లేనిచోటి మాట యేమి? ఈ ప్రశ్నయే మమ్ము నేటి ప్రసంగమునకు పురికొల్పినది.

ఈ నంద్యాల జిల్లాలోనే, ఉత్తరదిక్కున కృష్ణాతీరమున సంగమేశ్వరము ఉన్నది. సప్తనదుల సంగమమని ప్రసిద్ధి. అందలి శివలింగము వేపదారువుతో చేసినదని, ధర్మరాజు ప్రతిష్ఠించెనని భక్తుల విశ్వాసము. శ్రీశైలము ఆనకట్ట వెనుక జలాశయము నిండనారంభించిన 1981 నుండి ఆ ఆలయము నీటిపాలైనది. జలాశయపు పూర్తి మట్టము 885 అడుగులు. నీరు బాగుగా తగ్గిన సంవత్సరములలో వేసవి సమీపించునప్పటికి మొదట శిఖరము, తరువాత గోడలు, తరువాత గర్భాలయము బయటపడును. వరదలు వచ్చినపుడు అదే వరుస తలక్రిందగును. శిఖరము మాత్రము మిగిలిన దినమున అర్చకుడు పడవపై వచ్చి శిఖరమునకే పూజ చేసి పోవును. నీటిగీత ఒక గుడిని రెండుగా కోయుట కండ్లార చూడగల చోటిది. సగము సగము చిత్రమునకు ఇంతకంటె తగిన స్థలము ఏది?

కాని ఆ చిత్రము రాదు. వరదనీరు ఎర్రమట్టి కలిసిన నీరు. గాజును ముంచినచో క్రింది సగములో కనిపించునది గోధుమరంగు తెర మాత్రమే. పైన శిఖరము, క్రింద శూన్యము. చూడదగినది అధికముగా ఉన్న చోటనే నీరు చూపనీయదు.

ఆ నీటి క్రింద ఒక గుడి మాత్రమే లేదు. శ్రీశైల జలాశయమున నూరుకు పైబడిన గ్రామములు మునిగినవి; వేలకొలది కుటుంబములు లేచిపోయినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును, పాపనాశి ఆలయములను పురావస్తుశాఖవారు విప్పి తెచ్చి అలంపురమున తిరిగి నిలిపిరి. ఇంకను వెనుకకు పోయినచో, నాగార్జునకొండ లోయ మునుగుటకు ముందు 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరకినదానిని దీవిపై మ్యూజియమునకు చేర్చిరి. ఆ శ్రమ గొప్పది. శిల్పములకు, శాసనములకు కొలతలు దక్కినవి, చిత్రములు దక్కినవి. అయితే ఇంటి అరుగులు, బావి గిలకలు, కల్లములు, రచ్చబండలు, ఏ వీథిలో ఎవరి ఇల్లు ఎవరి ఇంటి కెదురుగా నుండెనో ఆ వరుస, ఇవి ఏ చట్రములోనికి ఎంతమాత్రము ఎక్కినవి? ఆనకట్టవలన వెలుగు వచ్చినది, పంటలకు నీరు వచ్చినది. మా రేడియో మ్రోగుటకు విద్యుత్తు వచ్చినది. ఆ లాభమును మేము కాదనము. చరిత్ర వ్రాయువాడు నీటికి పైనున్న సగమును మాత్రమే వ్రాసినచో అది సగము చిత్రమనియే మా మాట.

కెమెరాకు లొంగని ఆ క్రింది సగమునకు ఇంకొక సాధనము కలదు. ఆ గ్రామములలో పుట్టి పెరిగినవారు ఇంకను మన నడుమ ఉన్నారు. 1981లో ఇరువది యేండ్లవారు నేడు అరువది దాటినవారు. కన్నులు మూసికొని తమ ఊరి వీథిని కొసనుండి కొసకు నడువగలరు. వారి మాట బురదనీటిలో కూడ చూడగలిగిన గాజు. కాని ఆ గాజు శాశ్వతము కాదు.

కావున ఈ పత్రిక అందుకొను గృహములవారికి మాదొక మనవి. మీ యింటిలోనో, మీ పొరుగుననో అట్టి పెద్దలున్నచో వారి చెంత ఒక సాయంకాలము కూర్చొనుడు. ఊరి చిత్రమును గీయించుడు, ఇంటిపేర్లు వ్రాసికొనుడు, ఏ చెట్టు క్రింద సంత జరిగెడిదో, ఏ రేవున దాటెడివారో అడుగుడు. నేడు ప్రతి ఫోనులోను ధ్వనిముద్రణ సాధనము ఉన్నది. వారి గొంతుతోనే భద్రపరచుడు. ఉబ్బించి చెప్పిన చోట, కుదించి చెప్పిన చోట తప్పు పట్టకుడు. నీటిలోని పొరలు కూడ చూచు చోటునుబట్టి ఉబ్బుచు అణగుచు ఉండునని ఇంతకు ముందే చూచితిమిగదా. ఇరువురు ముగ్గురి మాటలు ప్రక్క ప్రక్కన చేర్చినచో రాయి అసలు మందము తేలును.

బొమ్మను చూపలేని సాధనము మాదని ప్రారంభమున చెప్పితిమి. నీటిగీతకు క్రిందనున్న ఆ ఊళ్ల విషయమున మాత్రము, చూపలేని కెమెరా కంటె వినిపింపగల రేడియోకే బాధ్యత హెచ్చు. ఆ బాధ్యతలో మా వంతు మాది. ముందుగా అడిగి, విని, వ్రాసిపెట్టు వంతు మీది.